తలుపులతో చేసిన శవపేటిక

1884 జూలై 13, ఆదివారం. అమెరికాలోని నెవాడా ఎడారిలో నిప్పులు చెరిగే మధ్యాహ్నం. ఎల్డొరాడో కాన్యన్ గనులకు సరుకు దింపి ఆర్చిబాల్డ్ స్టువర్ట్ ఇంటికి తిరిగొచ్చాడు. అలసిపోయి ఉన్నాడు. అన్నం తిన్నాడు, కాసేపు నడుం వాల్చాడు. ఆ తరవాత లేచి, తుపాకీ తీసుకుని, గుర్రమెక్కి, ఎప్పుడూ వెళ్లే దారిన కాకుండా చుట్టుదారిన బయల్దేరాడు.

ఎక్కడికి వెళ్తున్నాడో, ఎందుకు వెళ్తున్నాడో భార్య హెలెన్‌కి తెలుసు. ఆయన ఊళ్లో లేనప్పుడు షైలర్ హెన్రీ అనే పనివాడు మానేస్తానని, తనకు రావలసిన కూలి లెక్క తేల్చమని ఆమె మీదికొచ్చాడు. లెక్కలు తనకు తెలియవు, ఆయన వచ్చేదాకా ఆగమంది. వాడు ఆగలేదు. ఆడమనిషిని అనకూడని మాటలు అని, పొరుగున కైల్ కమతానికి వెళ్లిపోయాడు. ఆ మాటలు మొగుడి చెవిన పడ్డాయి.

కొన్ని గంటలకి ఒక మనిషి చీటీ తెచ్చాడు. రాసింది కాన్రాడ్ కైల్. స్టువర్ట్ అన్న ఇంటిపేరు కూడా తప్పుగా రాసి ఉంది. బండి పంపి మీ ఆయన్ని తీసుకుపొమ్మని, ఆయన చనిపోయాడని సారాంశం. అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఓదార్పు లేదు, వివరం లేదు.

నలుగురు పిల్లల్ని కమతంలో ఉన్న ఒకతనికి అప్పగించి హెలెన్ గుర్రాన్ని పరుగెత్తించింది. ఆమె కడుపులో అప్పటికే ఐదో బిడ్డ ఉన్నాడు. కైల్ ఇంటి మూల తిరుగుతూనే ఆయనెక్కడ, ఆయనెక్కడ అని అడిగింది. కైల్, హాంక్ పారిష్ అనే మరొకడు దుప్పటి ఎత్తి చూపించారు. ఆమె పక్కన మోకరిల్లి ఆయన చేతులు పట్టుకుంది, గుండె మీద చెయ్యి పెట్టి చూసింది. ఇవి నేను ఊహించి రాస్తున్నవి కావు. తరవాత పియోచ్ పట్నంలోని వకీలుకి ఆమే స్వయంగా రాసిన ఉత్తరంలోని సంగతులు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏమన్నారో, గాయాలు ఎక్కడున్నాయో, కన్నీళ్లు ఆపుకుంటూ సాక్ష్యం రాసినట్టు రాసింది. ముప్పై ఏళ్ల మనిషి.

శవాన్ని ఇంటికి తెచ్చారు. పెట్టె చేయడానికి కలప ఏది? కలప అమ్మే పట్నాలు రోజుల ప్రయాణం. ఎండాకాలం, శవం ఆగదు. ఇంటి తలుపులు ఊడదీశారు. ఆ చెక్కలతోనే పెట్టె చేసి పాతిపెట్టారు. ఆ రాత్రి తలుపుల్లేని మట్టి ఇంట్లో నలుగురు పిల్లలతో ఆమె ఎలా పడుకుందో, అసలు పడుకుందో లేదో ఉత్తరంలో రాయలేదు.

ఆ ఇల్లున్న చోటు ఇవాళ లాస్ వేగాస్ నడిబొడ్డు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు అమ్మానాన్నలు వెళ్తే తప్పకుండా తీసుకెళ్లి చూపించే ఊరు. రాత్రి పగలుగా వెలిగే ఆ వీధుల్లో తిరిగొచ్చినవాళ్లు జూదశాలల గురించి, నీటి ఫౌంటెన్ల గురించి చెబుతారు. ఆ ఊరు ఎవరి వాకిట్లో పుట్టిందో చెప్పినవాళ్లు నాకు తారసపడలేదు. అందుకే ఈ కథ.

ఆ ఎడారిలో ఊరు పుట్టడానికి ఒకే ఒక్క కారణం నీళ్లు. చుట్టూ కనుచూపు మేర ఇసుక, రాయి. మధ్యలో భూమిలోంచి దానంతటది ఉబికివచ్చే ఊటలు, వాటి కింద వాగు, వాగు చుట్టూ పచ్చిక. తరతరాలుగా అక్కడ పయూట్ జనం బతుకుతున్నారు. 1855లో మోర్మన్ మత ప్రచారకులు వచ్చి మట్టి ఇటుకలతో కోట కట్టుకున్నారు, రెండేళ్లకే వదిలేసి పోయారు. తరవాత ఆక్టేవియస్ గాస్ అనే ఆయన ఆ కోటనే ఇల్లు చేసుకుని పశువులు పెంచాడు, ద్రాక్ష వేశాడు, అప్పుల్లో మునిగాడు. 1879లో కమతాన్ని తాకట్టు పెట్టి ఆర్చిబాల్డ్ స్టువర్ట్ దగ్గర 5,000 డాలర్ల బంగారం అప్పు తెచ్చుకున్నాడు. వడ్డీ నెలకు నూటికి రెండున్నర. ఇలాంటి వడ్డీకి పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు మన ఊళ్లలో ఎన్ని లేవు! గాస్ కమతమూ అలాగే పోయింది. 1881లో అది స్టువర్ట్ చేతికొచ్చింది. ఆ గాస్‌కి స్నేహితుడే చీటీ పంపిన కైల్. రెండు కమతాల మధ్య పగ ఆ ఆదివారానికి ముందే రాజుకుంటూ ఉంది.

1882లో పియోచ్ వదిలి ఆ ఎడారికి రావడం హెలెన్‌కి ఇష్టం లేదు. కొన్నాళ్లేనని మొగుడు నచ్చజెప్పి తీసుకొచ్చాడు. మాట కలపడానికి తన భాష తెలిసిన ఆడతోడు లేదు. ఆ ఏడాదే మరో ఆడపిల్ల పుట్టింది. దానికి ఆ చోటు పేరే కలిసొచ్చేలా ఎవలిన్ లా వేగా అని పెట్టుకున్నారు. వద్దనుకున్న ఊరి పేరు బిడ్డకు పెట్టుకున్న తల్లి మనసు ఏమిటో నాకు పూర్తిగా అంతుపట్టదు.

మొగుడు పోయాక వెళ్లిపోదామనే అనుకుంది. కానీ ఆర్చిబాల్డ్ వీలునామా రాయలేదు. ఆస్తి చట్టప్రకారం సగం ఆమెకి, సగం పిల్లలకి. కోర్టు గొడవలు తేలాలి, కొనేవాడు దొరకాలి. పియోచ్‌లో గ్రాండ్ జ్యూరీ కూర్చుంది. ఎవరి మీదా అభియోగం మోపడానికి ఒప్పుకోలేదు. పారిష్‌ని మరో హత్య కేసులో 1890లో ఉరితీశారు. స్టువర్ట్ హత్యకి మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు. 1885 జనవరిలో ఐదో బిడ్డ పుట్టాడు. తండ్రి పేరే పెట్టింది. పద్నాలుగేళ్లకి ఆ పిల్లవాడు కూడా గుర్రం మీంచి పడి చనిపోయాడు.

కొన్నాళ్లనుకున్న కాపురం ఇరవై ఏళ్లయింది. ఆ ఇరవై ఏళ్లలో ఆమె చేసింది చూస్తే మన పల్లెల్లో భర్త పోయాక పొలం గట్టు దిగకుండా నెగ్గుకొచ్చిన తల్లులు గుర్తొస్తారు. తండ్రి హైరమ్ వైజర్ కొంతకాలం వచ్చి తోడున్నాడు. పశువుల్ని, పండ్లని, కూరగాయల్ని, ద్రాక్షసారాని గనులకు అమ్మింది. దారినపోయే బాటసారులకు ఆమె ఇల్లే పూటకూళ్లిల్లు. పిల్లలకు బడి లేకపోతే చదువు చెప్పడానికి ఒక పెద్దాయన్ని ఇంట్లోనే పెట్టుకుంది. 1893లో ప్రభుత్వం అక్కడ తపాలా కార్యాలయం పెట్టినప్పుడు పోస్టుమాస్టరూ ఆమే. పక్కన కొద్దికొద్దిగా భూమి కొని కలుపుతూ వచ్చింది. లెక్కలు తెలియవు, ఆయన వచ్చేదాకా ఆగమన్న మనిషే నీటి హక్కులతో సహా లింకన్ కౌంటీలో పెద్ద భూస్వాముల్లో ఒకరయింది.

ఆమెకు తోడుగా నిలిచింది పయూట్ ఆడవాళ్లు. పొలంలో, ఇంట్లో పనిచేశారు, పురుళ్లప్పుడు, రోగాలప్పుడు ఆదుకున్నారు. వాళ్లు విల్లో కొమ్మలతో అల్లే బుట్టల్ని ఆమె పోగుచెయ్యడం మొదలుపెట్టింది. చివరికి 550కి పైగా అయ్యాయి. ఏ నమూనా ఏ కథ చెబుతుందో అల్లినవాళ్లనే అడిగి తెలుసుకునేది. ఎడారి ఊరి తొలి జ్ఞాపకాలు పోగుచేసిన మనిషి ఆమే. కోట ఎవరు కట్టారు, ఎప్పుడు వదిలారు అన్న సంగతులు వెతికి రాసింది. ఆమె ఉత్తరాలు, కాగితాలు ఇప్పుడు నెవాడా విశ్వవిద్యాలయం లాస్ వేగాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆ కాగితాలు లేకపోతే జూలై ఆదివారం సంగతి మనకు ఇంత దగ్గరగా తెలిసేది కాదు.

కైల్ కమతం కథ అక్కడితో ముగియలేదు. 1900 అక్టోబరులో కాన్రాడ్ కైల్ కొడుకులు ఎడ్విన్, విలియం ఇద్దరూ అదే కమతంలో తుపాకీ గుళ్లకు చచ్చి పడి ఉన్నారు. ఒకరు మరొకరిని చంపి తానూ కాల్చుకున్నాడని అప్పట్లో తేల్చేశారు. 1975లో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ ఎముకలు తవ్వి తీసి పరీక్షించారు. ఇద్దరినీ ఎవరో చంపారని తేలింది. ఎవరో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

రైలు వస్తోందన్న కబురుతో ఆ లోయ రాత మారింది. మోంటానా రాగి గనుల కోటీశ్వరుడు, సెనేటర్ విలియం క్లార్క్ లాస్ ఏంజిలిస్ నుంచి సాల్ట్‌లేక్ సిటీకి రైలుమార్గం వేస్తున్నాడు. ఆవిరి ఇంజన్లకి నీళ్లు కావాలి. మధ్యలో నీళ్లున్న చోటు హెలెన్ కమతం. 1902లో ఒప్పందం కుదిరింది. సుమారు 1,800 ఎకరాలు, నీటి హక్కులు, అంతా కలిపి 55,000 డాలర్లు. తన వాళ్లు పడుకున్న శ్మశానం ఉన్న నాలుగెకరాలు మాత్రం అమ్మలేదు.

అమ్మకం కోసం భూమి కొలిపించడానికి ఆమె మెక్‌విలియమ్స్ అనే సర్వేయరుని పెట్టుకుంది. కొలతల్లో ఆయనకి ఒక సంగతి తట్టింది. కమతం పక్కన 80 ఎకరాలు ఎవరి పేరునా లేవు. ఆయనే కొనేశాడు. రైలు పట్టాలకి పడమర పక్కన ప్లాట్లు వేసి 1904లో ఊరు మొదలెట్టాడు. గుడారాలు, గుడ్డ ఇళ్లు, ఎడ్లబళ్లు, గని సరుకు మోసేవాళ్లు. జనం దాన్ని గుడ్డపేలికల ఊరని పిలిచేవారు. అంటే లాస్ వేగాస్ మొదటి ఊరు రైలు కంపెనీది కాదు. ఈ సంగతి చాలా పుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెడతారు. నాకది బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ పడమటి పక్కకి తరవాత జరిగిన అన్యాయమంతా అక్కడే మొదలైంది.

ఇక 1905 మే 15. రైలు కంపెనీ తన ఊరిని పట్టాలకి తూర్పున వేసింది. మొదట ప్లాట్లకి ధర కట్టి అమ్ముతామని దరఖాస్తులు పిలిచింది. ప్లాట్ల కన్నా దరఖాస్తులు చాలా ఎక్కువొచ్చేసరికి మాట మార్చింది. వేలం వేస్తామంది. లాస్ ఏంజిలిస్ నుంచి, సాల్ట్‌లేక్ నుంచి ప్రత్యేక రైళ్లు నడిపింది. ప్లాటు కొన్నవాళ్లకి టికెట్టు డబ్బు వాపసు.

మెయిన్ స్ట్రీట్, ఫ్రీమాంట్ స్ట్రీట్ కలిసేచోట చెక్కలతో వేదిక వేశారు. అప్పటికి అవి వీధులు కావు. తుమ్మలాంటి మెస్కీట్ పొదలు కొట్టేసి మేకులు పాతిన గీతలు. ఎండ 110 ఫారన్‌హీట్ డిగ్రీలు, మన లెక్కలో 43. రెంటచింతల వాళ్లకీ రామగుండం వాళ్లకీ ఆ ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మగవాళ్లు కోటు, టోపీ, మెడకు గట్టి కాలరు. ఆడవాళ్లు నేల ఊడ్చే గౌన్లు. నీడకి చెట్టు లేదు. వేలంపాటగాడు పాట మొదలెట్టగానే పట్నాల నుంచి వచ్చిన వ్యాపారులు ధర ఎగదోశారు. అప్పటికే వచ్చి గుడారాల్లో ఉంటూ, కట్టిన ధరకి ప్లాటు దొరుకుతుందని ఆశపడ్డ స్థానికుల నోట మాట పడిపోయింది. పాటలో రెట్టింపు, మూడింతలు పలుకుతుంటే చేసేదేముంది? రెండు రోజుల్లో సుమారు 2,65,000 డాలర్లు వసూలైంది. మూడేళ్ల కిందట మొత్తం కమతానికి ఇచ్చింది 55,000.

లాస్ ఏంజిలిస్ రైల్లో వచ్చినవాళ్లలో ఎడ్ వాన్ టోబెల్ అనే యువకుడు ఉన్నాడు. స్నేహితుడు జేక్ బెక్లీతో కలిసి ఊరు చూసి పోదామని వచ్చాడు. చవకైన ప్లాట్లకి బయానా కట్టి ఇక్కడే నిలిచిపోయారు. కలప దుకాణం పెట్టారు. ఇరవై ఏళ్ల కిందట శవపేటికకు చెక్క దొరకని చోట కలప దుకాణం! అప్పటివాళ్ల జ్ఞాపకాల్లో తరచు వినిపించే దృశ్యం ఇంకొకటుంది. వేలం ముగిసిన మర్నాటి నుంచి పడమటి ఊరు కదలడం మొదలెట్టింది. గుడారాలు ఊడబెరికి, చెక్క ఇళ్లని దుంగల మీదికెక్కించి, గుర్రాలు కట్టి, పట్టాలు దాటించి తూర్పున కొత్త ప్లాట్లలో దింపుకున్నారు. పోలేనివాళ్లు మిగిలిపోయారు. సెప్టెంబరులో మంటలు లేచి పడమటి ఊళ్లో చాలాభాగం కాలిపోయింది. రైలు కంపెనీ నీటి సంస్థ ఎర్ర చెక్క గొట్టాలతో నీళ్లు తూర్పుకే ఇచ్చింది. పడమర బావులే గతి.

తూర్పున కూడా సుఖమేం కాదు. చార్లెస్ స్క్వైర్స్ అనే ఆయన గుడ్డతో ముప్పై గదుల హోటలు లేపాడు. భార్య డెల్ఫీన్ 1906లో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ కాలపు ఆడవాళ్ల జ్ఞాపకాల్లో వేసవి రాత్రులే ఎక్కువ. ఇంట్లో పడుకోలేక మంచాలు ఆరుబయట వేసుకునేవారు. దుప్పట్లు నీళ్లలో ముంచి పిండి కప్పుకునేవారు. అవి ఆరేలోగా నిద్ర పట్టాలి. ఆరితే లేచి మళ్లీ తడపాలి. పాలూ వెన్నా గోనెపట్టా చుట్టిన పెట్టెలో పెట్టి, పైనుంచి నీటి చుక్కలు పడేలా అమర్చేవారు. గాలికి పట్టా చల్లబడితే వెన్న గడ్డకట్టి ఉండేది. గాలిదుమారం వచ్చిందంటే వండిన కూరలోకీ, పరిచిన పక్కలోకీ ఇసుకే. సారా అమ్మకాన్ని కంపెనీ రెండు బ్లాకులకే కట్టడి చేసింది. వాటిలో పదహారో బ్లాకు పేరు మోసింది. అక్కడికి రెండు వీధుల అవతలే సంసారులు కాపురం చేసుకున్నారు.

1910 జనాభా లెక్కల్లో ఊరు వెయ్యి దాటలేదు. 1909లో క్లార్క్ కౌంటీ ఏర్పడింది, 1911లో పట్టణ హోదా వచ్చింది. ఆ ఏడాదే ఆడవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు ఏం పెట్టాలని అడిగితే మెస్కీట్ క్లబ్ అని పెట్టమంది హెలెన్. వేలంనాడు కొట్టేసిన పొదల పేరది. ఎంత కొట్టినా చిగురించే మొక్క. మరుసటి ఏడాది ఆ ఆడవాళ్లు వీధుల వెంట రెండువేల చెట్లు నాటించారు. నీడ అక్కడ అలా వచ్చింది.

నీటి సంగతి మాత్రం అక్కడి పెద్దలు ముందే చూసుకోవలసింది. ఎక్కడ గొట్టం దించినా నీరు పైకి చిమ్మేది. బావులకు మూతలు పెట్టకుండా రాత్రింబవళ్లు పారనిచ్చారు. తరగని సిరి అనుకున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ నేల అడుగున నీటిమట్టం పడిపోయింది, కొన్నిచోట్ల నేలే అడుగులకొద్దీ కుంగిపోయింది. 1962 నాటికి ఊటలు పూర్తిగా ఎండిపోయాయి. వేల ఏళ్లు పారిన నీటిని ఒక పట్నం అరవై ఏళ్లలోపే తాగేసింది. బోర్ల మీద బోర్లు వేసి ఎండబెట్టుకున్న అనంతపురం, మహబూబ్‌నగర్ పల్లెల వాళ్లకి ఇది దూరదేశపు ముచ్చట కాదు.

మళ్లీ హెలెన్ సంగతికొస్తే, ఆమె 1903లో ఫ్రాంక్ స్టువర్ట్‌ని పెళ్లాడింది. కమతంలో మేనేజరుగా చేసినాయన, ఇంటిపేరు ఒకటే అయినా చుట్టరికం లేదు. ఆస్తి తన పేరునే ఉండేలా పెళ్లికి ముందే కాగితం రాయించుకుంది. 1916లో క్లార్క్ కౌంటీ పాఠశాల బోర్డుకి ఎన్నికైన తొలి మహిళ ఆమే. నెవాడాలో ఆడవాళ్లకి ఓటు వచ్చి అప్పటికి రెండేళ్లే.

ఊరు పెరిగేకొద్దీ పయూట్లకి నిలువ నీడ లేకుండా పోయింది. వాళ్ల ఊటల మీద రైలు కంపెనీ, వాళ్ల పచ్చిక మీద ప్లాట్లు. ఊరి అంచుల్లో గుడిసెలు వేసుకుని, ఇళ్లల్లో చాకిరీ చేసి బతికేవారు. 1911 డిసెంబరులో హెలెన్ తన పేరున ఉన్న భూమిలో పదెకరాలు వాళ్ల కోసం ఫెడరల్ ప్రభుత్వానికి 500 డాలర్లకి రాసిచ్చింది. ఊరికే ఇవ్వలేదు కదా అనేవాళ్లుంటారు. నిజమే. ఆ భూమి మొత్తం ఒకప్పుడు వాళ్లదే అన్నదీ నిజమే. కానీ ఆ ఊళ్లో లక్షలు గడించినవాళ్లెందరో ఉండగా పయూట్ల పేర గజం నేల ఉండాలని తలచింది ఆమె ఒక్కతే. 1922లో పడమటి పక్కన బడికి స్థలం ఇచ్చింది. అక్కడ కట్టిన బడిలోనే ఆ ఊరి ప్రభుత్వ పాఠశాలల్లో మొదటిసారిగా పయూట్ పిల్లలు తెల్లపిల్లల పక్కన కూర్చున్నారు. ఆ భవనం ఇంకా ఉంది.

1926 మార్చి 6న హెలెన్ కేన్సర్‌తో కన్నుమూసింది. దగ్గర్లోని హూవర్ ఆనకట్ట పనులు, జూదానికి చట్టబద్ధత, రెండూ 1931లో వచ్చాయి. వాటిని ఆమె చూడలేదు. ఆమె రాసిచ్చిన పదెకరాలు ఇవాళ్టికీ మెయిన్ స్ట్రీట్ పక్కన పయూట్ల చేతిలోనే ఉన్నాయి. 1970లో వాళ్ల తెగ రాజ్యాంగానికి ప్రభుత్వ ఆమోదం దొరికింది. 1983లో అమెరికా కాంగ్రెస్ ఊరికి వాయవ్యాన సుమారు 3,800 ఎకరాలు వాళ్లకి తిరిగి ఇచ్చింది.